ఎడమవైపు తిరిగిన గిన్నె

శనివారం పొద్దున పెరటి వరండాలో బల్ల మీద పాత దుప్పటి పరిచి, గ్లేజు బకెట్టు మూత తీసి, అడుగున పేరుకున్నదంతా లేచేదాకా కర్రతో కలుపుతోంది చెకింగమ్మ. ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసిన మనిషి ఆవిడ. డ్రైవర్లూ కండక్టర్లూ చాటుగా పిలుచుకున్న పేరు ఎలా చేరిందో ఇంటికి కూడా చేరింది. ఆవిడ రిటైరై రెండేళ్ళయింది గానీ పేరు రిటైరవలేదు. ఆ మాటకొస్తే ఆ చూపూ రిటైరవలేదు.

ఇంట్లో కూర్చుని ఏం తోచక, భర్తని కూడా వెంటబెట్టుకుని సెరామిక్స్ క్లాసులో చేరింది. ఆయన టైలరు. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో మాస్టారంటే ఆయనే. నెల తిరక్కుండానే పని పంపకం జరిగిపోయింది. కుమ్మరి సారె ముందు కాళ్ళు ఎడంగా పెట్టుకుని గంటలకొద్దీ కూర్చోవడం ఆవిడ మోకాళ్ళ వల్ల కాలేదు. మాస్టారికేమో మట్టి అంటుకుపోయింది. ఆయన క్లాసులో గిన్నెలు తిప్పి, ఆరబెట్టి, ఒకసారి బట్టీలో కాల్చి ఇంటికి తెస్తారు. ఆవిడ వరండాలో కూర్చుని వాటికి గ్లేజు, అంటే గాజులా మెరిసే పూత, పూస్తుంది. ఆయన మళ్ళీ తీసుకెళ్ళి రెండో కాల్పు వేయిస్తారు. బకెట్లో ఉన్నప్పుడు బూడిద కలిసిన గులాబి రంగులో నీరసంగా కనిపించే గ్లేజు, మంటలోంచి ముదురు నీలమై బయటికొస్తుంది. ఇంట్లో అందరూ తినేది ఆ గిన్నెల్లోనే.

అలాంటిది, రెండు నెలలుగా ఒక్క గిన్నె కూడా ఇంటికి రాలేదు. అడిగితే మట్టి రకం మార్చారు, పగుళ్ళొస్తున్నాయి అన్నారు మాస్టారు. మొన్న సాయంత్రం ఉన్నట్టుండి ఆరు తెచ్చి బల్ల మీద పెట్టారు.

ఆవిడ మొదటి గిన్నె తీసుకుంది. దుమ్ము పోవడానికి తడి స్పాంజితో లోపల తుడిచింది. సారె మీద గిన్నె లేచేటప్పుడు వేళ్ళు అడుగు నుంచి అంచు దాకా పాకుతాయి గనక లోపల సన్నటి గీత ఒకటి చుట్లు చుట్లుగా పడుతుంది. మాస్టారి గిన్నెల్లో ఆ గీత అడుగు మధ్యలో మొదలై గడియారం ముల్లు తిరిగేవైపే తిరుగుతూ పైకి వస్తుంది. ఏడాదిన్నరగా ఆవిడ వేలు ఆ దారినే వెళ్ళి వెళ్ళి, కళ్ళు మూసుకున్నా అది మాస్టారి గిన్నెని చెప్పగలదు. ఇవాళ వేలు వెళ్ళే దారికి గీత ఎదురొచ్చింది.

ఆవిడ గిన్నెను వెలుతురుకి పట్టి చూసింది. గీత ఎడమవైపు తిరిగి ఉంది. రెండోది తీసింది, అదీ అంతే. ఆరూ అంతే.

క్లాసులో మొదటి రోజే చెప్పారు ఆ సంగతి. కుడిచేతివాటం వాళ్ళు సారెను ఒకవైపు తిప్పుతారు, ఎడమచేతివాటం వాళ్ళు స్విచ్చి మార్చి రెండో వైపు తిప్పుతారు. గీతను బట్టి చేసినవాళ్ళది ఏ చేతివాటమో పట్టేయొచ్చని టీచరు సరదాగా అంది. ఆ క్లాసు మొత్తానికి ఎడమచేతివాటం మనిషి ఒక్కరే. పళ్ళ డాక్టరు. నలభై దాటిన ఆవిడ, ఒంటరి మనిషి, నవ్వితే పలువరస ఆమె వృత్తికి ప్రకటనలా ఉంటుంది.

“అమ్మా, టోస్టు మాడిపోతోంది,” వంటింట్లోంచి కూతురు అరిచింది.

“మాడనీ,” అంది ఆవిడ, గిన్నె మీంచి కళ్ళు తీయకుండా.

సరిగ్గా అప్పుడే మాస్టారు గదిలోంచి బయటికొచ్చారు. ఆకుపచ్చ రంగు టీషర్టు, తాళ్ళు లేని బూట్లు. చూస్తే ఆవిడ ఒళ్ళు మండింది. రెడీమేడ్ బట్టలు వేసుకునేవాడికి ఒంటి మీద గౌరవం లేదని నలభై ఏళ్ళు ఉపన్యాసాలిచ్చిన టైలరు, గుండీ చొక్కా తప్ప వేసి ఎరగని మనిషి, ఈమధ్య వరసగా నాలుగు టీషర్టులు కొన్నారు.

“క్లాసుకేనా?” అంది.

“ఆఁ.”

“మంగళవారం వెళ్ళారు, గురువారం వెళ్ళారు. ఇదివరకు శనివారం ఒక్కరోజేగా?”

“చెయ్యి తిరగాలంటే ఆ మాత్రం వెళ్ళాలి,” అంటూ సంచీ ఎడమ భుజానికి తగిలించుకుని, కాఫీ కూడా పూర్తిగా తాగకుండా గడప దాటేశారు.

కూతురు టోస్టు కొరుకుతూ వరండాలోకి వచ్చింది. ఆ పిల్ల కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. గిన్నెల సంగతి మొత్తం విని పకపకా నవ్వింది.

“నీకు ఆ కొత్త కళ్ళజోడు పెట్టించడం నాదే తప్పు. నాన్నని కూడా టికెట్టు అడుగుతావా ఏంటి?”

“టీషర్టులేంటే మరి?”

“పోనీలే, ఇప్పటికైనా ఫ్యాషన్ తెలిసింది.”

“భోజనాల బల్ల దగ్గర కుర్చీ మార్చుకున్నారు. ఇన్నేళ్ళూ నా పక్కన కూర్చునే మనిషి ఆ చివరికి వెళ్ళి కూర్చుంటున్నారు.”

“అక్కడ గాలి బాగా వస్తోందన్నారుగా.”

“ఫ్యాను నడినెత్తిన ఉంది. గాలి ఎక్కడైనా ఒకటే,” అంది చెకింగమ్మ.

కూతురు టోస్టు మిగిలిన ముక్క నోట్లో వేసుకుని బస్సుకి టైమైందంటూ జారుకుంది.

అనుమానం ఒకసారి ఇంట్లోకి వస్తే దానికి కుర్చీ వేయాల్సిన పని లేదు, అదే చూసుకుని కూర్చుంటుంది. తర్వాతి నాలుగు రోజులూ ఆవిడ ఏం చూసినా అదే కనిపించింది. రోడ్డు దాటేటప్పుడు ఎప్పుడూ ఆవిడ చెయ్యి పట్టుకుని దాటించే మాస్టారు ఇప్పుడు రెండో పక్కకి వచ్చి నడుస్తున్నారు. గ్యాసు కుర్రాడు రసీదు మీద సంతకం అడిగితే, స్నానానికి వెళుతున్నాను నువ్వు పెట్టెయ్ అన్నారు. స్నానం అంతకు ముందే అయింది. ఆవిడ గదిలోకి రాగానే ఫోను బోర్లా పెట్టేస్తున్నారు. షాపుకి వెళ్ళి చూస్తే కటింగ్ బల్ల దగ్గర జూనియర్ కట్టరు గుడ్డ కోస్తున్నాడు, మాస్టారేమో కుర్చీలో కూర్చుని కొలతలు నోటితో చెబుతున్నారు. తన కత్తెర ఇంకొకరు ముట్టుకుంటే కస్సుమనే మనిషి. ధ్యాసంతా ఎక్కడో ఉంటే పనేం చేస్తారులే అనుకుని, గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వచ్చేసింది.

ఆవిడకి ఏడుపు రాలేదు. అందుకే ఆవిడకి భయం వేసింది. ముప్ఫై మూడేళ్ళ కాపురంలో ఆయన ఆవిడతో అబద్ధమాడిన దాఖలా లేదు. పోట్లాటలు లేవని కాదు. అలకలు లేవనీ కాదు. కానీ ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, ఊరంతా అబద్ధాలు విన్న చెవులతో గుమ్మంలో అడుగు పెడితే, ఈ ఒక్క మనిషి మాట మాత్రం తనిఖీ చేయనక్కరలేదనే ధీమా ఉండేది. ఇప్పుడు ఆ ధీమానే కదిలింది. అది పోతే ఆ ఇంట్లో తనకి ఇంకేం మిగులుతుందో ఆవిడకి తెలియలేదు.

బుధవారం సాయంత్రం కూతురు ఇంకా రాకముందే ఆవిడ భోజనాల బల్ల మీద గిన్నెలు వరసగా పేర్చింది. ఇటు పాతవి నాలుగు, అటు కొత్తవి ఆరు. కొత్తవాటికి గ్లేజు పూయలేదు. మాస్టారు షాపు నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూనే ఆ వరస చూసి ఆగిపోయారు.

“కూర్చోండి,” అంది.

ఆయన కూర్చున్నారు, ఆ చివరి కుర్చీలోనే.

“ఇవెవరు చేశారు?”

“నేనే.”

ఆవిడ పాత గిన్నె ఒకటి, కొత్తది ఒకటి ఆయన ముందుకు జరిపింది. “లోపల గీత చూడండి. ఇది ఇటు తిరిగింది. ఇది అటు తిరిగింది. మీరు ఎడమచేత్తో ఎప్పుడు నేర్చుకున్నారు?”

ఆ ప్రశ్న ఆవిడ ఎగతాళికే అడిగింది. మాస్టారు మాత్రం చాలాసేపు గిన్నెల్లోకి చూస్తూ ఉండిపోయారు. చేతులు బల్ల కింద ఉన్నాయి.

“నేను కాదు,” అన్నారు చివరికి. “పళ్ళ డాక్టరు చేసింది.”

“ఆవిడ చేసినవి మీరెందుకు తెచ్చారు?”

“రెండు నెలల నుంచి ఒక్కటీ తేలేదని నువ్వు అడుగుతున్నావు గదా. ఆవిడ ఇస్తానంది, తెచ్చాను.”

“మరి వారానికి మూడు రోజులు వెళ్ళి మీరేం చేస్తున్నారు అక్కడ?”

“ఏముంది. కాస్త కబుర్లు.”

“ఎవరితో?”

ఆయన తల వంచుకున్నారు. “ఆవిడతోనే.”

తను అనుకున్నదే నిజమని తేలితే ఎవరికైనా కాస్త గర్వం ఉంటుంది. చెకింగమ్మకి మాత్రం ఆ మాట ఒక్కటే తిరిగి తిరిగి వినిపించింది. కబుర్లు. ఈ మనిషి తనతో కబుర్లాడి ఎన్నాళ్ళయింది. కుర్చీలోంచి లేచి, గిన్నెలు అలాగే వదిలేసి, గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది. కూతురు వచ్చి, వాళ్ళిద్దరి ముఖాలూ చూసి, చప్పుడు చేయకుండా వంట తనే చేసింది. ఆ పూట ఎవరూ సరిగా తినలేదు.

పడుకున్నా ఆవిడ బుర్ర పడుకోలేదు. ఒక విషయం పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. తప్పు ఒప్పుకున్నప్పుడు మాస్టారి మొహంలో సిగ్గు లేదు, భయమూ లేదు. గండం గడిచినట్టు ఊపిరి తీసుకున్నారు. ఆ ఊపిరి ఆవిడకి తెలుసు. టికెట్టు లేనివాళ్ళు పెనాల్టీ అంటే గోల పెడతారు, బతిమాలతారు, మాకు తెలిసినవాళ్ళు ఫలానా అంటారు. అడగ్గానే హాయిగా కట్టేసేవాడు ఎప్పుడో ఒకడుంటాడు. వాడి సీటు కింద చూడాలి. లెక్కలో చెప్పని సామాను అక్కడుంటుంది.

మర్నాడు పదకొండింటికి ఆవిడ రెండు గిన్నెలు పేపర్లో చుట్టి, సంచీలో పెట్టుకుని క్లాసుకి వెళ్ళింది. ఏడాదిన్నర తర్వాత వెళ్ళడం. మెట్ల మీద ఆరిన మట్టి అడుగుజాడలు, తలుపు పక్కన ఏప్రన్లు, అరల నిండా ఆరబెట్టిన పచ్చి కుండలు, అన్నీ అలాగే ఉన్నాయి. టీచరు బట్టీ తలుపు తీసి అరలు సర్దుతోంది. కిటికీ దగ్గర బల్ల ముందు పళ్ళ డాక్టరు నిలబడి ఒక కూజా అడుగు చెక్కుతోంది.

చెకింగమ్మ తిన్నగా ఆమె ముందుకి వెళ్ళి గిన్నెలు రెండూ బల్ల మీద పెట్టింది.

“మీ వస్తువులు మా ఇంటికొచ్చాయి. ఇచ్చేసి పోదామని వచ్చాను.”

పళ్ళ డాక్టరు కళ్ళజోడు పైకి తోసుకుని గిన్నె తిప్పి చూసింది. తర్వాత నవ్వింది. “ఇవి నావని ఎవరన్నారండీ? మూడేళ్ళ నుంచి నేర్చుకుంటున్నాను, నావి ఇంత తేలిగ్గా రావు. ఇదుగో, ఈ కూజా ఎత్తి చూడండి. నీళ్ళు పోయకుండానే రెండు చేతులు కావాలి.”

“మా వారే చెప్పారు.”

“ఏమని?”

“మీరు చేసి ఇచ్చారని. ఇక్కడ మీ ఇద్దరూ కూర్చుని కబుర్లాడుకుంటున్నారని.”

పళ్ళ డాక్టరు నవ్వు ఆగిపోయింది. ఆమెకి కోపం రావాలి, కానీ రాలేదు. టీచరు వైపు చూసింది. టీచరు చేతిలో ఉన్న పింగాణీ పలకను మెల్లగా కింద పెట్టింది.

“అమ్మా, ఆ గిన్నెలు మాస్టారివే,” అంది టీచరు. “మా కళ్ళ ముందే చేశారు.”

“ఆయనది కుడిచేతివాటం.”

“అవును,” అని ఆగింది టీచరు. “ఇంట్లో చెప్పానన్నారే మరి.”

“ఏం చెప్పాలి నాకు?”

ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పళ్ళ డాక్టరే లోపలి గది వైపు చెయ్యి చూపించింది. “ఆఖరి సారె దగ్గరున్నారు. మీరే వెళ్ళి చూడండి. మేమిక్కడే ఉంటాం.”

లోపలి గదిలో మాస్టారు గోడకేసి కూర్చుని ఉన్నారు. గుమ్మానికి వీపు. ఇవాళ వేసుకున్నది నిండుచేతుల టీషర్టు. సారె తిరుగుతోంది, రెండో వైపుకి. మట్టిముద్ద బయట ఎడమచెయ్యి నొక్కి పట్టింది. లోపలికి కుడిచేతి వేళ్ళు దించారు. ఆ వేళ్ళలో రెంటిని కలిపి ఒక గుడ్డపట్టీ ఉంది. అంచులు మడిచి, సన్నటి కుట్టుతో, కొలతకి సరిగ్గా కుట్టిన పట్టీ. ఆ పట్టీ లేకపోతే ఆ వేళ్ళు స్పాంజిని పట్టుకోలేవని చూడగానే తెలిసిపోతోంది. గిన్నె గోడ లేచినంతసేపూ ఆ చెయ్యి వణికింది. ఒక పక్క పలచబడి, గిన్నె అంచు ఒరిగి, మెల్లగా కూలిపోయింది. మాస్టారు సారె ఆపి, కూలిన మట్టిని తీగతో కోసి, పక్క బకెట్లో వేశారు. ఆ బకెట్లో అలాంటివి అప్పటికే నాలుగున్నాయి.

అన్నీ ఒక్కసారిగా ఆవిడ కళ్ళ ముందుకొచ్చాయి. గుండీలు పెట్టుకోలేక టీషర్టులు. ముడి వేయలేక ఆ బూట్లు. చెంచా వణకడం కనబడకుండా ఆ చివరి కుర్చీ. పట్టు లేని చెయ్యి ఆవిడ చేతికి తగలకుండా రోడ్డు మీద రెండో పక్క. ముప్ఫై ఒక్క ఏళ్ళు మనుషుల చేతులు చూసి గుట్టు పట్టిన ఆవిడ, ఇంట్లో ఉన్న చేతిని మాత్రం చూడలేదు.

“చెయ్యి ఇలా ఇవ్వండి,” అంది.

మాస్టారు ఉలిక్కిపడి తిరిగారు. దొరికిపోయినవాడి మొహం ఇప్పుడు కనిపించింది. ఆవిడ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, మట్టి అంటిన ఆ కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క వేలూ నొక్కి చూసింది.

“నా వేలు గట్టిగా పట్టుకోండి.”

“పట్టుకున్నాను,” అన్నారు మాస్టారు.

ఆవిడకి ఆ పట్టు తెలియనే లేదు. అప్పుడు వచ్చాయి కన్నీళ్ళు.

“ఎప్పటి నుంచి?”

“మూడు నెలలు దాటింది. కోటు గుడ్డ కోస్తుంటే కత్తెర జారిపోయింది. ఎత్తుకోబోతే చెయ్యి రాలేదు. కట్టరే ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. మెదడులో సన్నటి రక్తనాళం ఒకటి మూసుకుందన్నారు. పెద్దది కాకుండా తప్పింది. మాత్రలిచ్చారు, వేసుకుంటున్నాను.”

“ఏ మాత్రలు? ఇంట్లో నాకు కనబడలేదే?”

“షాపులో. దారం రీళ్ళ డబ్బాలో. ఆస్పత్రి మెసేజీలు నీకు కనబడకూడదనే ఫోను బోర్లా పెట్టేవాణ్ణి.”

“ఊళ్ళో అందరికీ తెలుసు. కట్టరుకి తెలుసు, ఈ టీచరుకి తెలుసు, ఆ పళ్ళ డాక్టరుకి తెలుసు.”

“ఆవిడే సారె ఇటు తిప్పుకోమని నేర్పింది. మట్టి పిసికితే చేతికి మంచిదని ఆస్పత్రిలో చెప్పారు.”

“నిన్న నాతో ఏమన్నారు మీరు?” ఆవిడ గొంతు పెరిగింది. “పరాయి ఆడదానితో కబుర్లాడుతున్నానని ఒప్పుకున్నారు. అది ఒప్పుకోవడానికి నోరొచ్చింది, చెయ్యి బాగాలేదని చెప్పడానికి రాలేదా? నేను ఇన్ని రోజులూ ఎలా చచ్చానో తెలుసా?”

మాస్టారు ఆరిపోతున్న మట్టిని బొటనవేలితో గీకుతూ ఉండిపోయారు.

“అదైతే నువ్వు తిడతావు,” అన్నారు. “నెల రోజులు మాట్లాడవు. తర్వాత మెల్లగా సర్దుకుంటావు. దీనికి తిట్టవు. అదే నా భయం.”

“నాకు అర్థం కాలేదు.”

“కత్తెర దాచేస్తావు. షాపు మూయిస్తావు. బాత్రూము దాకా వెంట వస్తావు. అన్నం కలిపి నోట్లో పెడతావు. నాకు తెలుసు, నేను చూశాను.”

“ఎక్కడ చూశారు?”

“మీ నాన్నగారిని.”

ఆవిడ చెయ్యి వదిలేసింది. “మా నాన్నకి ఆరేళ్ళు చేశాను నేను. ఒక్క రోజు విసుక్కోలేదు. ఆ డిపోలో ఎవరినైనా అడగండి.”

“విసుక్కున్నావని నేననలేదు. ఎవరూ అంత చేయరు. కానీ ఆయనకి పక్షవాతం వచ్చిన మొదటి నెలలో ఆ చెయ్యి కాస్త కదిలేది. స్పూను తనే పట్టుకునేవారు. సగం ఒంటి మీద పోసుకునేవారు. నువ్వు చూసి స్పూను తీసేసుకున్నావు. మర్నాడూ నువ్వే పెట్టావు. ఆ తర్వాత ఆయన స్పూను అడగలేదు. ఆ చెయ్యి మళ్ళీ లేవలేదు.” మాస్టారు గొంతు తగ్గించారు. “నేను ఎదురుగా కూర్చుని చూశాను. నీకు చెప్పాలనుకునే లోపలే ఆరేళ్ళు అయిపోయాయి.”

ఆ పొద్దుటిపూటలు చెకింగమ్మకి బాగా గుర్తున్నాయి. ఆరూ నలభైకి డిపోలో ఉండాలి. నాన్న స్పూను ఎత్తి నోటి దాకా తెచ్చుకోవడానికి పావుగంట. చొక్కా పాడు, దుప్పటి పాడు. ఇటివ్వండి నాన్నా, నేను పెడతాను అని తీసుకుంది. జాలితోనే తీసుకుంది. త్వరగా అయిపోతుందని కూడా తీసుకుంది. ఆ రెండో సంగతి ఇన్నాళ్ళూ ఆవిడ ఎవరికీ చెప్పలేదు, తనకి తను కూడా చెప్పుకోలేదు. నాన్న ఆ రోజు స్పూను ఇచ్చేటప్పుడు తన మొహంలోకి చూశారు. కృతజ్ఞత అనుకుంది అప్పుడు.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బయటి గదిలో కూజా చెక్కుతున్న చప్పుడు ఆగిపోయింది. ఎవరూ లోపలికి రాలేదు. మాస్టారు ఆవిడని ఓదార్చలేదు. మట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ ఏడుపు తగ్గేదాకా అలాగే కూర్చున్నారు.

“చెప్పకుండా ఉండాల్సింది,” అన్నారు.

“కాదు,” అంది ఆవిడ ముక్కు తుడుచుకుని. “పదేళ్ళ కిందట చెప్పాల్సింది.” కొంగు దోపుకుంది. “మళ్ళీ ఆస్పత్రికి ఎప్పుడు?”

“సోమవారం.”

“నేనూ వస్తాను.”

“బయట కూర్చుంటావా?”

“లోపలే కూర్చుంటాను. మాట్లాడను.”

ఆ మాటకి మాస్టారు నమ్మలేనట్టు చూశారు. ఆవిడకీ నమ్మకం కలగలేదు. ఇద్దరికీ కొంచెం నవ్వొచ్చింది.

“ఆ మాత్రలు మాత్రం ఇంటికి రావాలి,” అంది. “వేసుకున్నారా అని అడగను. కనబడితే చాలు.”

“సరే.”

“ఇంకోసారి నాతో అబద్ధం చెబితే, మంచిదైనా సరే…”

“చెప్పను.”

ఆవిడ స్టూలు రెండడుగులు వెనక్కి జరుపుకుంది. “మీ పని మీరు చూసుకోండి. నేనిక్కడ కూర్చుంటాను.”

మాస్టారు కొత్త మట్టిముద్ద తీసుకున్నారు. పట్టీ సరిచేసుకోవడానికి ఒక నిమిషం పట్టింది. ముద్దని సారె మీద వేసి తిప్పితే అది ఒక పక్కకి కొట్టుకుంటోంది. ఎడమ అరచేత్తో ఒత్తి, ఒత్తి, మధ్యకి తేవడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ చేతులు రెండుసార్లు ముందుకి లేచాయి. రెండుసార్లూ ఆవిడే వాటిని వెనక్కి తెచ్చుకుని, ఇక లాభం లేదని తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఏమీ చేయకుండా కూర్చోవడం ఇంత కష్టమని ఆవిడకి ఆ రోజు దాకా తెలియదు.

ముద్ద కుదురుకుంది. మాస్టారు దాని నడుమ గుంట తీశారు. గోడ లేవడం మొదలైంది. అంతలో ఎడమచేతి టీషర్టు చెయ్యి మోచేతి మీంచి జారి, మణికట్టు దాకా వచ్చి, మట్టినీళ్ళలో తడవడం మొదలుపెట్టింది. ఆయన సారె ఆపారు. కుడిచేత్తో పైకి లాగబోయారు, గుడ్డ దొరకలేదు. మళ్ళీ ప్రయత్నించారు. తల వంచి, పళ్ళతో అంచు పట్టుకుని లాక్కున్నారు. రెండంగుళాలు పైకి వెళ్ళి మళ్ళీ జారింది. ఆవిడ పెదవి కొరుక్కుని కిటికీ వైపు చూసింది, తర్వాత మళ్ళీ ఆ చెయ్యి వైపే చూసింది. కదల్లేదు.

మాస్టారు మూడోసారి పళ్ళతో పట్టుకోబోయి ఆగారు. తడిసిన గుడ్డ వల్ల నోటికి మట్టి తగిలింది కాబోలు, ఉమ్మేశారు. సారె మీద సగం లేచిన గిన్నెను చూసుకున్నారు. ఆవిడని చూశారు.

“ఏమోయ్,” అన్నారు. “ఈ చెయ్యి కాస్త పైకి మడిచిపెట్టు.”

ఆవిడ లేచి వెళ్ళింది. “ఎన్ని మడతలు?”

“రెండు చాలు.”

తడి గుడ్డను సాపు చేసి ఒక మడత, దాని మీద ఇంకో మడత వేసింది. మూడోది కూడా వేస్తే అసలు జారదని ఆవిడకి తెలుసు. వేళ్ళు అప్పటికే అంచు పట్టుకున్నాయి. వదిలేసి, వచ్చి తన స్టూలు మీద కూర్చుంది.